కండక్టర్ గారి వంతు

ఆ సాయంత్రం అన్ని సాయంత్రాల్లాగే మొదలైంది. అసలు భయం పుట్టేలాంటి చోటు కూడా కాదది. బజారు వీధిలో ఒక ఫర్నిచర్ షాపు, దాని పైన మొదటి అంతస్తులో డయాలసిస్ సెంటరు. కింద సోఫాలూ మంచాలూ అమ్ముతారు, పైన కిడ్నీలు పోయినవాళ్ళ రక్తం కడుగుతారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. గొట్టాలు శుభ్రం చేసే మందు వాసన అది. వెనక గదిలో నీళ్ళు వడగట్టే మిషను పొద్దస్తమానం గుర్రుమంటూనే ఉంటుంది. కొత్తవాళ్ళకి ఆ మోత తలనొప్పి. నాలుగు రోజులు పోతే అది ఉన్నట్టే తెలీదు.

సెంటరు నడిపేది అక్క. ఆమె మొగుడూ, చెల్లెలూ, మరిదీ, ఇంకో ఇద్దరు స్నేహితులూ తలా కొంత పెట్టుబడి పెట్టారు గానీ, పొద్దున తలుపు తీసేదీ రాత్రి తాళం వేసేదీ ఆవిడే. ఆలోచన మాత్రం చెల్లెలిది. ఆ పిల్ల పెళ్ళయినప్పటి నుంచీ విదేశంలో ఉంటుంది. మూడేళ్ళ కిందట కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మిషను మీదికి ఎక్కాల్సిందే. ఒక్కటి తప్పినా బయటికి పోవాల్సిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి. ఆ భయంతో సొంతవాళ్ళని చూడటానికి రావడమే మానేసింది.

"నాలాంటివాళ్ళు ఇక్కడ బోలెడంత మంది ఉన్నారక్కా. అక్కడ నమ్మకంగా మిషను దొరుకుతుందంటే రెక్కలు కట్టుకుని వాలతారు," అంది ఒకసారి ఫోన్లో. ఆ మాట పట్టుకుని లేచిందే ఈ సెంటరు. అన్నట్టుగానే వాలారు కూడా. సెలవులకి వచ్చేవాళ్ళు, పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళు, పళ్ళు కట్టించుకోవడానికీ కళ్ళు చూపించుకోవడానికీ వచ్చి పనిలో పనిగా రక్తం కడిగించుకునేవాళ్ళు. ఇక్కడివాళ్ళు ఇచ్చేదానికి మూడింతలు ఇచ్చి, చవకగా అయిపోయిందని సంబరపడేవాళ్ళు.

వాళ్ళ కోసం కిటికీ పక్కన ఒక పెద్ద కుర్చీ వేయించారు. మెత్తటి దిండు, ఎదురుగా టీవీ, చుట్టూ తెర. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత భాగస్తులంతా కూర్చుని ఇంకో నియమం పెట్టారు. సాయంత్రం షిఫ్టులో అతిథి ఉంటే హాల్లో ఇంకెవరూ ఉండకూడదు. పక్కవాళ్ళు మూలిగినా, వాంతి చేసుకున్నా పాపం బయటి నుంచి వచ్చినవాళ్ళు తట్టుకోలేరట. ఉన్నవి ఎనిమిది కుర్చీలు. ఒక్కటి నిండితే ఏడు ఖాళీగా ఉంచేవాళ్ళు. ఆ షిఫ్టుకి మామూలుగా వచ్చేవాళ్ళకి "రేపు రండి" అని చెప్పడం అక్క వంతు. చెప్పగా చెప్పగా ఆ మాట తియ్యగా చెప్పడం ఆవిడకి బాగా అలవాటైపోయింది.

అంతకు రెండు రోజుల ముందు కండక్టర్ గారికీ అలాగే చెప్పింది.

ఆయన రిటైరైన బస్సు కండక్టరు. మనిషి బక్కపల్చగా ఉంటాడు, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. మిషను మొదలెట్టగానే "రైట్ రైట్, పోనీ" అని అరిచేవాడు. పక్క కుర్చీవాళ్ళకి నొప్పుల్లోనూ నవ్వొచ్చేది. ఆ రోజు చెల్లెలి విమానం ఒక రోజు ముందే దిగింది. ప్రయాణంలో ఆమె వంతు ఒకటి తప్పింది కూడా. అక్క కంగారు అక్కది. చెల్లెల్ని తీసుకొచ్చి కిటికీ పక్క కూర్చోబెట్టే సరికి, బయట బల్ల మీద కండక్టర్ గారు కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బిపోయి ఉంది. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు.

"అమ్మా, ఇవాళ తప్పించకు," అన్నాడు ఆయాసపడుతూ. "నీళ్ళు గొంతు దాకా వచ్చేశాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు."

"ఒక్క పూట ఓర్చుకోండి కండక్టర్ గారూ. మా చెల్లెలండీ, ప్రయాణం చేసి చేసి వచ్చింది. రేపు పొద్దున్నే మొదటి వంతు మీదే. పూచీ నాది."

ఆయన గాజు తలుపులోంచి లోపలికి చూశాడు. ఖాళీ కుర్చీల వంక ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. "చోటుంది కదమ్మా," అన్నాడు మెల్లగా.

అక్క ఏం చెప్పిందో ఇప్పుడు అనవసరం. ఏదో చెప్పింది. ఆయన గోడ పట్టుకుని లేచి, లిఫ్టు దాకా నడిచి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "మా మామయ్య మొదటి వంతుకి రారండీ," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

అక్క ఒక గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. అయితే ఏడ్చి బయటికొచ్చి, నర్సునీ టెక్నీషియన్‌నీ పిలిచి, "ఈ సంగతి మా చెల్లెలి ముందు ఎత్తొద్దు," అని గట్టిగా చెప్పింది. నియమం మాత్రం మార్చలేదు. అదీ ఆవిడ సంగతి.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం.

చెల్లెలు నవ్వుకుంటూ లిఫ్టులోంచి దిగింది. చేతిలో సెంటరు వాళ్ళ రంగుల కాగితం. "అక్కా, ఇది ఎవరు రాశారు? 'సెలవులు మీవి, శ్రమ మాది' అట! కిడ్నీలు పోయినవాళ్ళని చూసి ఇంత హుషారా?"

"మీ బావే రాశారు. నవ్వకు, నొచ్చుకుంటారు."

"బావగారిని కాస్త పడుకోబెట్టండి పాపం. రాత్రిళ్ళు మేలుకుని ఇలాంటివి రాస్తున్నట్టున్నారు."

నర్సు కూడా నవ్వింది. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. కిటికీ అవతల వీధి దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. కింద షాపులో ఎవరో మంచం బిగిస్తున్నట్టున్నారు, సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. అంతా ఎప్పటిలాగే ఉంది.

డయాలసిస్‌కి ముందు బరువు చూడాలి. ఈ పని మొత్తం దాని మీదే నడుస్తుంది. ఒంట్లో అదనపు నీళ్ళు లేనప్పుడు మనిషి ఎంత తూగుతాడో ముందే తెలుసుకుని ఉంచుతారు. వచ్చిన రోజు దానికంటే ఎంత ఎక్కువ తూగితే అంత నీరు చేరినట్టు. మిషనుకి ఆ లెక్క చెప్తారు, అది అంత తీసేస్తుంది. లేని నీళ్ళు తియ్యమని పొరపాటున చెప్పారా, అది ఊరుకోదు. రక్తంలోంచి లాగుతుంది. బీపీ పడిపోతుంది. గుండె ఆగినా ఆగుతుంది.

కాటా అంటే నేలకి సమంగా బిగించిన ఇనప పలక. చక్రాల కుర్చీతో సహా ఎక్కించొచ్చు. ఎదుట గోడ మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి. చెల్లెలు చెప్పులు విడిచి ఎక్కింది. అంకెలు గబగబా పైకెళ్ళి ఆగాయి.

టెక్నీషియన్ ముఖం చిట్లించాడు. "ఆరు కిలోలు ఎక్కువ చూపిస్తోందండీ."

"ఆరా? నేనేమన్నా చెరువు తాగానా?" అంది చెల్లెలు. "సరిగ్గా చూడు బాబూ. నిన్నంతా లెక్కపెట్టుకుని తాగాను, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది."

దిగమన్నాడు. తను ఎక్కి చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. నర్సుని ఎక్కించాడు. సరిగ్గానే ఉంది. మళ్ళీ చెల్లెలు ఎక్కింది. మళ్ళీ అదే ఆరు. కాళ్ళు నొక్కి చూశాడు, వాపు లేదు. ముఖంలోనూ లేదు. బుర్ర గోక్కుంటూ డాక్టరుకి ఫోన్ చేయడానికి పక్కకి వెళ్ళాడు. డాక్టరు పొద్దున పూటే వస్తాడు, సాయంత్రాలు ఫోన్ మీదే నడుస్తుంది.

చెల్లెలు కాటా దిగి చెప్పులు వేసుకుంటోంది. అప్పుడు చూసింది అక్క.

పలక మీద ఎవరూ లేరు. గోడ మీద అంకెలు మాత్రం సున్నాకి రాలేదు. ఆరు దగ్గర నిలబడి ఉన్నాయి. పలక మీద చెల్లెలి పాదాలు ఆనిన చోటు పొడిగా ఉంది. దాని వెనక, ఒక అడుగు వెనక, రెండు పెద్ద పాదాల తడి గుర్తులు... వేళ్ళతో సహా... మెరుస్తూ.

అక్క కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. అంకెలు తాపీగా దిగి సున్నాకి వచ్చాయి. తడి అలాగే ఉంది. ఎవరో మగమనిషివి. ఉబ్బిన పాదాలు.

ఆవిడ అప్పుడే నోరు విప్పి ఉంటే బాగుండేది. "ఇవాళ వద్దు, ఇంటికి పోదాం పద," అంటే సరిపోయేది. కానీ ఏమని చెప్తుంది? చెప్తే మొన్నటి సంగతి చెప్పాలి. చెల్లెలికి ఎవరి వంతు ఇచ్చిందో చెప్పాలి. టెక్నీషియన్ ఫోన్ పట్టుకుని వచ్చి, "కాటా తప్పు కాకపోతే నీళ్ళే అయ్యుండాలి, విమానం ఎక్కి వచ్చినవాళ్ళకి ఒక్కోసారి వాపు పైకి కనపడదు, ఒకేసారి ఆరూ వద్దు, మూడున్నర లీటర్లు తీయండి అంటున్నారు డాక్టరు గారు. కాటా తప్పేమో అంటే ఆపేద్దాం. మీరేమంటారు మేడమ్?" అని అడిగాడు.

అక్క తడి గుర్తుల మీద కాలు పెట్టి, చీర కుచ్చిళ్ళతో తుడిచేసింది. "కాటాకేం, బాగానే ఉంది," అంది.

చెల్లెల్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఎడం చేతికి రెండు సూదులు గుచ్చారు. ఒక గొట్టంలోంచి రక్తం బయటికి వచ్చి, వడగట్టే గొట్టంలో తిరిగి, రెండో గొట్టంలోంచి లోపలికి పోతుంది. మిషను మొదలైంది. పంపు చక్రం టక్... టక్... టక్... అని తిరుగుతోంది. అక్క పక్కనే చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. చెల్లెలు ఏవేవో కబుర్లు చెప్తోంది. చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం ఎలా కొట్టుకునేవాళ్ళో, కాళ్ళతో ఎలా తన్నుకునేవాళ్ళో.

"నువ్వే మొత్తం లాక్కునేదానివి," అంది అక్క.

"అబద్ధాలాడకు. నువ్వు గురక పెడుతూ నా మీదికి దొర్లేదానివి."

ఒక గంట అలా గడిచింది. అక్క గుండె కాస్త కుదుటపడింది. అంతా తన పిచ్చి అనుకుంది. ఎవరో తడి కాళ్ళతో ఎక్కి ఉంటారు, అంకెలు ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి అనుకుంది. బయట పూర్తిగా చీకటి పడింది. కింద సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. టీవీలో ఎవరో వంట చేస్తున్నారు, మోత తగ్గించి ఉంది.

చెల్లెలు ఆవులించింది. ఇంకోసారి ఆవులించింది. తర్వాత కుర్చీలో కొంచెం పక్కకి జరిగింది.

"ఏమైంది? వీపు నొప్పా?"

"లేదక్కా. జరగమంటున్నారు కదా."

"ఎవరు?"

చెల్లెలు కళ్ళు మూసుకునే ఉంది. "ఏమో... 'కొంచెం జరుగమ్మా, చోటుంది' అంటున్నారు. ముసలాయన గొంతులా ఉంది. నువ్వు కాదా?"

అక్క కుర్చీ వైపు చూసింది. చెల్లెలు ఒక అంచుకి ఒదిగిపోయి ఉంది. రెండో సగం ఖాళీ. ఆ ఖాళీ సగంలో దిండు... లోతుగా కుంగి ఉంది. మనిషి కూర్చుంటే ఎంత కుంగుతుందో అంత. చూస్తూండగానే ఇంకొంచెం కుంగింది. మెత్తటి బట్ట మీద తడి మరక ఒకటి నెమ్మదిగా పాకుతోంది.

ఏదో వాసన. మందు వాసన కాదు. చాలాసేపు మూసి ఉన్న బస్సులో చెమటా, ఇనుమూ, నలిగిన టికెట్ కాగితాలూ కలిసిన వాసన...

"అక్కా, కాళ్ళు పట్టేస్తున్నాయి," అంది చెల్లెలు. పెదవులు తెల్లబడ్డాయి. చేతికి కట్టిన బీపీ పట్టీ బిగుసుకుంది, వదిలింది. మిషను కీచుమని అరిచింది. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చాడు.

"పడిపోతోంది మేడమ్, బాగా పడిపోతోంది. సెలైన్ పెట్టండి సిస్టర్! కుర్చీ వాల్చండి!"

కుర్చీ వాల్చారు. సెలైన్ వదిలారు. నీళ్ళు తీయడం ఆపేయడానికి టెక్నీషియన్ మీట నొక్కాడు. మిషను తెర మీద సున్నా అని వచ్చింది. మళ్ళీ దానంతట అదే పాత అంకెకి వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. మురుగు గొట్టంలోంచి నీళ్ళు బుడబుడమంటూ పోతూనే ఉన్నాయి. "ఇదేంటి మేడమ్, ఇదేంటి..." అంటున్నాడు.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచులా ఉంది. "అక్కా, నాకు భయమేస్తోంది," అంది. చిన్నప్పుడు చీకట్లో అన్నట్టే అంది.

అక్కకి ఇక సిగ్గూ లేదు, దాపరికమూ లేదు. కుర్చీలో ఖాళీ సగం మీదికి వంగింది. గుసగుసగా, ఎవరికీ వినపడకుండా మాట్లాడింది.

"కండక్టర్ గారూ... మీరేనా?"

ఏమీ వినపడలేదు. పంపు చక్రం తిరుగుతోంది. టక్... టక్... అప్పుడు, చెవికి చాలా దగ్గరగా, నీళ్ళలోంచి వచ్చినట్టు...

"ఇంకా ఉన్నాయమ్మా... సగమే పోయాయి..."

"తప్పు నాది. మొత్తం నాదే. దానికేం తెలీదు. దాన్ని వదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా వంతు కదమ్మా..."

"మీ వంతు మీకే. ఈ కుర్చీ మీదే, మిషనూ మీదే. దాన్ని ఒక్కదాన్ని దిగనివ్వండి..."

ఒక్క క్షణం వెనక గదిలో నీళ్ళ మిషను మోత కూడా ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ హాల్లో ఎన్నడూ లేదు. దిండు మీది తడి కొంచెం వెనక్కి జరిగింది.

"ఇప్పుడు నొక్కు," అంది అక్క టెక్నీషియన్‌తో.

నొక్కాడు. సున్నా. అలాగే నిలిచింది.

గొట్టాల్లో ఉన్న రక్తాన్ని సెలైన్‌తో తోసి చెల్లెలి ఒంట్లోకి పంపేశారు. సూదులు తీసి దూది పెట్టి పట్టీ వేశారు. అక్కా నర్సూ ఆమెని ఎత్తుకున్నంత పని చేసి, తలుపు దగ్గరి కుర్చీలో పడుకోబెట్టారు. కాసేపటికి పెదవులకి రంగు వచ్చింది. టెక్నీషియన్ మిషను కట్టేయబోయాడు.

"కట్టెయ్యకు," అంది అక్క. "రెండు గొట్టాలూ ఒకదానికొకటి తగిలించు. సెలైన్ పెట్టి తిప్పు. ఇందాకటి లెక్కే పెట్టు."

"ఎవరికి మేడమ్?"

"ఎవరికని అడక్కు నాయనా. నీకు దణ్ణం పెడతాను, తిప్పు."

మిషను కడిగేటప్పుడు అలా రెండు గొట్టాలూ కలిపి ఉత్తగా తిప్పడం వాళ్ళకి మామూలే. అతను ఇంకేం మాట్లాడకుండా కలిపాడు. మిషను తిరిగింది. ఖాళీ కుర్చీ పక్కన, ఎవరి చేతికీ తగిలించని గొట్టాల్లో రంగులేని సెలైన్ గిరగిరా తిరుగుతోంది. అక్క అక్కడే నిలబడి చూస్తోంది. తేటగా ఉన్నది కాస్తా నెమ్మదిగా లేత గులాబీ రంగుకి తిరిగింది. తర్వాత ఎర్రగా అయింది. తర్వాత నల్లటి ఎరుపు. టెక్నీషియన్ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయాడు. నర్సు చెల్లెలికి అడ్డంగా నిలబడి, ఆమె అటు చూడకుండా కబుర్లు చెప్తోంది.

మురుగు గొట్టంలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఎంతసేపో ఎవరూ చూసుకోలేదు. చివరికి బుడబుడలు ఆగాయి. గొట్టాల్లో ఎరుపు పల్చబడి పల్చబడి మళ్ళీ తేటగా అయింది. కుంగిన దిండు ఊపిరి పీల్చుకుంటున్నట్టు మెల్లగా లేచి చదునైంది.

డయాలసిస్ అయ్యాక కూడా బరువు చూసుకోవాలి, అది పద్ధతి. గది మూల కాటా చిన్నగా మోగింది. పలక మీద ఎవరూ లేరు. గోడ మీద అంకెలు వెలిగాయి... కొంచెంసేపు ఊగాయి... సున్నా దగ్గర ఆగాయి. లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు, మళ్ళీ మూసుకున్న చప్పుడు.

అక్క నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. బతికాం దేవుడా అని ఏడ్చింది, చంపాను దేవుడా అని ఏడ్చింది. రెండూ ఒకే ఏడుపులో వచ్చాయి. చెల్లెలు అటు నుంచి, "అక్కా, నేను బాగానే ఉన్నాను, ఎందుకలా ఏడుస్తావు?" అని పిలుస్తోంది. అక్క లేచి వెళ్ళి ఆమె తల నిమిరింది. ఏదీ దాచకుండా చెప్పేసింది. ఎవరి వంతు తీసి ఎవరికి ఇచ్చిందో, ఆయన గాజు తలుపులోంచి చూసి ఏమన్నాడో, అంతా. చెల్లెలు "నన్ను అడిగి ఉంటే నేనే బయట కూర్చునేదాన్ని కదే," అంది.

ఏం తోచిందో, అక్క ఒక్కసారిగా నర్సు వైపు తిరిగింది. "ఇవాళ ఎవరెవర్ని రేపు రమ్మన్నాం?"

"ఇద్దర్ని మేడమ్. లారీ డ్రైవర్నీ, కుట్టుమిషను పెద్దమ్మనీ."

"ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఇద్దర్నీ ఇప్పుడే రమ్మను. బండి కట్టించుకుని రమ్మను, డబ్బులు నేనిస్తానని చెప్పు. పొద్దుపోయినా సరే, తెల్లారినా సరే, ఇక ఈ హాల్లో ఒక్క కుర్చీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు."

నర్సు ఫోన్ తీసుకుని బయట బల్ల దగ్గరికి వెళ్ళింది. టెక్నీషియన్ ముఖం కడుక్కుని వచ్చి, కుర్చీల మీద కొత్త బట్టలు పరుస్తున్నాడు. దీపాలన్నీ వేశారు. చాలా రోజుల తర్వాత సాయంత్రం షిఫ్టుకి హాలు తయారవుతోంది. పని చేతికి తగిలే సరికి అందరికీ కాస్త ప్రాణం కుదుటపడింది. "డ్రైవర్ బయలుదేరాడు మేడమ్," అని నర్సు కేకేసింది. "పెద్దమ్మ ఇంట్లో ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తున్నాను."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. కుట్టుమిషను పెద్దమ్మ ఒక్కతే దిగింది. ఎప్పుడూ కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది, ఇవాళ ఒక్కతే వచ్చింది. నిటారుగా నడిచి గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"పిలిచావట కదమ్మా," అంది అక్కతో.

అక్క గబగబా ఎదురెళ్ళింది. "వచ్చారా పెద్దమ్మా! ఫోన్ అందలేదంటున్నారు. రండి రండి, నన్ను క్షమించండి. మధ్యాహ్నం మిమ్మల్ని పంపించేశాను..."

పెద్దమ్మ అక్కడే, చెల్లెలు పడుకున్న కుర్చీ పక్కన ఆగింది. చెల్లెలు లేచి కూర్చుని ఆవిడ చెయ్యి అందుకుంది. "నా వల్లే మీకు ఆలస్యమైంది పెద్దమ్మా," అంటూ ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. "అయ్యో, ఇంత చల్లగా ఉన్నారేంటి? అక్కా, ఈవిడకి ఒక దుప్పటి ఇప్పించు."

అక్క దుప్పటి కోసం వెనక్కి తిరిగింది. గాజు తలుపు అవతల నర్సు నిలబడి ఉంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు కొంచెం తెరిచి, పెదవులు మాత్రమే కదిలించింది.

"కోడలు ఎత్తింది మేడమ్... పెద్దమ్మ సాయంత్రమే పోయిందట..."

అక్క మెల్లగా ఇటు తిరిగింది. చెల్లెలు ఆ చేతిని రుద్దుతూ ఏదో ముద్దుగా చెప్తోంది. పెద్దమ్మ ఆమెని చూడటం లేదు. అక్కనే చూస్తోంది.

"ఏ కుర్చీ అమ్మా?" అంది.

అక్క చూపు కిందికి జారింది. చెల్లెలి చేతికి వేసిన దూది పట్టీ తడిసిపోయి ఉంది. దాని కింద నుంచి చుక్క... చుక్క... నేల మీద పడుతోంది. రక్తం కాదు. నీళ్ళు.